సెల్ఫ్ కొట్టేవా?

రాత్రి రెండున్నరకి, ఫోన్లో అబ్బులు బాబాయి
ముందు బతికున్నావా అని అడగలేదు.
"సువార్తా, సెల్ఫ్ కొట్టేవా?"

గూడపల్లి దాటేక
మురుగుకోడు రోడ్డెక్కేసిన చోట
ఆగిపోయింది నా ఓమ్నీ.
వెనకాల నలభై సంచులు,
సంచికి రెండున్నర వేల రొయ్యపిల్ల,
ఉప్పునీళ్ళలో, మూతి బిగించిన గాలితో
కనురెప్ప వెంట్రుకంతేసి ప్రాణాలు.

ఓమ్నీకి ఇంజను ముందుండదు,
మన కిందే ఉంటుంది.
ఎనిమిదేళ్ళుగా దాని మీద కూర్చునే తిరుగుతున్నా.
ఎండాకాలం తొడలు కాలుస్తుంది,
మంచుకాలం పొయ్యి దగ్గర పిల్లిని చేస్తుంది.
ఆ రాత్రి మొదటిసారి
సీటు కింద చల్లగా ఏదో కదిలింది.
కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు చుయ్‌మంది.
తర్వాత ఆవిరి, తడిసిన బెల్టు వాసన,
ఆ తర్వాత
గాలివాన ఒక్కటే.

కొబ్బరితోటలు కనపడటం లేదు, వినపడుతున్నాయి.
ఎక్కడో ఓ మట్ట, ఎక్కడో ఓ గెల, దభీమని.
హెడ్‌లైటు వెలుగు నీళ్ళడుగున
పచ్చగా పాక్కుంటూ చేలగట్టు దాకా పోయింది.
గుర్రపుడెక్క గుంపొకటి కొట్టుకొచ్చి
తలుపుకి ఆనుకుని నిలబడింది,
లిఫ్టు అడిగే మనిషిలా.

"లేదు బాబాయ్, కొట్టలేదు."

"కొట్టకు. తాళం తీసి దాచెయ్.
గాలైతే నలుగుతుందమ్మా, ఎంత నొక్కితే అంత ఒదుగుద్ది.
నీళ్ళు ఒదగవు.
పిస్టన్ పైకొస్తానంటది, నీళ్ళు జరగనంటాయి,
మధ్యన కడ్డీ వంగుద్ది.
ఏదో ఒకటి వంగాలి కదా."

తాళం తీసి కొంగున ముడేసుకున్నా.
అప్పటికే ఒకసారి తిప్పిన తాళం.

ఒక్కసారే.
టక్ అంది.
ఇంజను చప్పుడు కాదది,
చీకట్లో గడపకి మోకాలు తగిలిన చప్పుడు,
సీటులోంచి ఎక్కి నా వెన్నులో ఆగింది.
లక్ష పిల్ల, తెల్లారితే గాలి చాలదు,
చెరువు దగ్గర్నుంచి ఫోను మీద ఫోను,
అన్నీ నిజమే,
చెయ్యి మాత్రం వాటిల్లో ఏదీ తలుచుకోకముందే తిప్పేసింది.

తెల్లారగట్ల తాటిదోనె తెచ్చేడు చెరువు కాపలా ముసలయ్య.
నడుంలోతు నీళ్ళలో
నీళ్ళ సంచుల్ని
నీళ్ళు తగలకుండా నెత్తిన పెట్టుకు మోసేం.
మూడు సంచులు తెల్లబడిపోయేయి. మిగతావి బతికేయి.

అబ్బులు బాబాయి మూడోనాటికి గానీ రాలేకపోయేడు,
భుజాన బ్యాటరీ, నడుముకి చినిగిన సైకిల్ ట్యూబు.
సీటు లేపేడు. ఫిల్టరు డబ్బా ఊడదీస్తే
నానిపోయిన పూతరేకులా కాగితం,
దానికి అంటుకుని వేలెడు పరిగిపిల్ల.
తోకపట్టి తీసి, పాపం ఎటెళ్దామనుకుందో అన్నాడు.
మూడు ప్లగ్గులూ విప్పి దూరం జరిగి
"ఇప్పుడు కొట్టు" అన్నాడు.
మూడు బెజ్జాల్లోంచీ మురుగుకోడు లేచి టాప్‌కి తగిలింది.

అప్పుడు తీసేడు జేబులోంచి సైకిల్ చువ్వ.
స్పానర్‌తో ఇంజను తిప్పుతూ, పిస్టన్ పైకొచ్చినప్పుడల్లా
బెజ్జంలో చువ్వ దింపి
గోటితో గుర్తుపట్టేడు.
మొదటిదీ మూడోదీ ఒకటే గుర్తు.
రెండోదాంట్లో
రెండు వడ్లగింజలంత కిందికి దిగింది చువ్వ.

తన గోరు కేసి చూసుకున్నాడు చాలాసేపు,
నాకేసి చూడలేదు.
"ఒక్కోసారి ఆగేటప్పుడే వంగుద్దిలేమ్మా" అన్నాడు.
"ఔను బాబాయ్" అన్నా.

రావులపాలెం పాతసామాన్లలో వేరే కడ్డీ దొరికింది.
పాతది నా దగ్గరే ఉంది,
రొయ్యపిల్ల బిల్లులు ఎగిరిపోకుండా మీద పెడతా.
చేతిలోకి తీసుకున్న వాళ్ళందరూ
తిన్నగానే ఉంది కదా అంటారు.
అబ్బులు బాబాయి టీకొచ్చినప్పుడు
బల్ల మీద ఒకసారి దొర్లించి చూసి
మళ్ళీ బిల్లుల మీదే పెట్టేస్తాడు.